కంటికి కనబడని కారుట : పెట్రోలు ఆవిరి – పొలము – చట్టము

నూనె డబ్బాకు చిల్లి పడి చుక్క చుక్కగా కారుచుండగా చూచి ఊరకుండు సంసారి ఎవరును ఉండరు. వెంటనే ఆ చిల్లి మూయుదురు, లేదా నూనెను మరొక పాత్రలో పోయుదురు. కాని మూత సరిగా బిగియని పెట్రోలు డబ్బా నుండి రాత్రింబవళ్లు పోవు సరకును పట్టించుకొనువారు తక్కువ. అది కంటికి కనబడదు. వాసన మాత్రమే వచ్చును. ఆ వాసనయే మీ డబ్బు గాలిలో కలియుచున్నదనుటకు గుర్తు. అంతటితో పోక, గాలిలో కలిసిన ఆవిరి ఊపిరితిత్తులకు, పసిబిడ్డలకు, చివరకు పైరుపచ్చకు కూడ కీడు చేయును. ఈ కీడును తగ్గించుటకు మన దేశములో నిబంధనలు ఏర్పడినవి. వాటిలో కొన్ని పెట్రోలు బంకుల యజమానులకు వర్తించును. కొన్ని మీకును నాకును వర్తించును. అవి ఏవియో, ఎందుకు పుట్టినవో, వాటిని పాటించుట ఎట్లో తెలిసికొందము.

కందుకూరుకు ఈ మాట ఎందుకు?

హైదరాబాదుకు దక్షిణమున శ్రీశైలము రోడ్డుపై ఉన్న కందుకూరు మండలము ఇప్పుడు మునుపటి మారుమూల కాదు. 2024 ఆగస్టులో ఈ మండలములోని మీర్‌ఖాన్‌పేట వద్ద నైపుణ్య విశ్వవిద్యాలయమునకు పునాదిరాయి పడినది. 2025 మార్చిలో ఏర్పడిన ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ పరిధిలోనికి 7 మండలములకు చెందిన 56 గ్రామములు వచ్చినవి. కందుకూరు, ఇబ్రహీంపట్నము, మహేశ్వరము, యాచారము, కడ్తాల వాటిలోనివే. రోడ్లు వెడల్పయిన కొలది బండ్లు పెరుగును, బండ్లు పెరిగిన కొలది బంకులు పెరుగును. రోడ్డు పక్క ఎకరము భూమి గల రైతు వద్దకు బంకు కొరకు కౌలు అడుగువారు వత్తురు. కనుక ఈ విషయము నేడు పట్టణవాసులది మాత్రమే కాదు. కౌలు కాగితముపై సంతకము చేయు రైతుదియు, ఆ దరఖాస్తుపై విచారణ వ్రాయు గ్రామ పాలనాధికారిదియు, పంచాయతీ కార్యదర్శిదియు అగుచున్నది.

పెట్రోలు స్వభావము

నీరు ఎండకు ఆరును. పెట్రోలుకు ఎండతో పని లేదు. మంచు గడ్డకట్టు చలిలో కూడ అది ఆవిరి అగుచునే ఉండును. నిప్పురవ్వ తగిలినచో మండునంతటి ఆవిరిని పెట్రోలు సున్నకు 40 డిగ్రీల దిగువన కూడ వదలును. ఇక మన వైశాఖ మాసపు ఎండలో రేకుల కొట్టములో పెట్టిన డబ్బా సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. డీజిలు ఇట్టిది కాదు. అది చాల తక్కువగా ఆవిరి అగును. అందువలన చట్టము పెట్రోలును మొదటి తరగతిలోను, డీజిలును రెండవ తరగతిలోను ఉంచి వేరువేరు నియమములు పెట్టినది.

పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పొయ్యి పొగవలె పైకి పోదు. నేలబారున పారి గుంటలలో, కాలువలలో, మోట బావులలో దిగి నిలుచును. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు ఈ ఆవిరి కలిసిన చాలును, చిన్న నిప్పురవ్వకు భగ్గున అంటుకొనును. బావి గడ్డమీద పెట్రోలు పోయుచుండగా పక్కనున్న మోటారు స్టార్టరు బటను నొక్కుట ఎంత అపాయమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఈ ఆవిరిలో బెంజీను అను పదార్థము కలదు. అది రక్తపు క్యాన్సరును కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ నిర్ధారించి, మనుష్యులకు క్యాన్సరు కలిగించునని నిశ్చయముగా తేలిన పదార్థముల వర్గములో దానిని చేర్చినది. మన దేశములో 2009 నవంబరులో ప్రకటించిన గాలి ప్రమాణముల ప్రకారము, ఒక ఘనమీటరు గాలిలో బెంజీను సంవత్సరపు సగటున 5 మైక్రోగ్రాములకు మించరాదు. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షలవ వంతు. ఇంత స్వల్పమునకు కూడ హద్దు పెట్టవలసి వచ్చినదనగా దాని తీవ్రత తెలియుచున్నది.

పైరుకు వచ్చు చేటు

ఆవిరివలన మనిషికి హాని సరే, పైరుకేమి అని అడుగవచ్చును. దీనికి జవాబు మొదట దొరికినది కూరగాయల మళ్లలోనే. 1940 తరువాతి కాలములో అమెరికాలోని లాస్ ఏంజిలిసు నగరము చుట్టుపట్ల పాలకూర వంటి ఆకుకూరల ఆకులు వింతగా మాడిపోసాగినవి. తెగులు కాదు, పురుగు కాదు. ఆ నగరమును కమ్ముకొనుచున్న పొగమంచు వంటి గాలియే కారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. హాగెన్-స్మిట్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి సంవత్సరములలో దాని గుట్టు విప్పెను. పెట్రోలు ఆవిరులును, బండ్ల పొగలోని నత్రజని ఆక్సైడులును ఎండలో కలిసి ఓజోను అను వాయువును పుట్టించుచున్నవని ఆయన చూపెను. ఆకాశములో చాల ఎత్తున ఉన్న ఓజోను మనకు గొడుగు వంటిది. నేలమీద పుట్టిన ఓజోను మాత్రము ఊపిరికిని ఆకుకును విషము వంటిది.

ఆకు అడుగున ఉన్న సన్నని రంధ్రముల గుండా ఓజోను లోనికి పోయి ఆకుపచ్చని కణములను చంపును. ఆకు పైభాగమున సన్నని తెల్ల చుక్కలో, గోధుమరంగు చుక్కలో ఏర్పడి, ఆకు కంచు రంగునకు తిరిగి, వయస్సు తీరక ముందే రాలును. చుక్కలు కనబడకయే దిగుబడి తగ్గుటయు కలదు. గోధుమ, సోయాచిక్కుడు, చిక్కుడు జాతులు, పత్తి, టమాట, ఆలుగడ్డ, పాలకూర ఓజోనుకు త్వరగా లొంగును. మరొక ముఖ్య విషయము : ఓజోను నగరము నడిబొడ్డున కంటె గాలివాలున ఉన్న శివారు పల్లెలలో తరచుగా ఎక్కువగా ఉండును. నగరములో బండ్ల నుండి అప్పుడే వెలువడిన పొగ కొంత ఓజోనును తినివేయును. మిగిలిన ఆవిరులు గాలితో పోవుచు, ఎండకు కాగి, దూరమున ఓజోనుగా మారును. కనుక నగరపు ఆవిరి నష్టము నగరములోనే ఆగిపోదు.

ఇట్టి చుక్కలను చూచి నల్లియో తామర పురుగో అనుకొని మందుపై మందు కొట్టుట వృథా. అట్లని ప్రతి చుక్కను ఓజోనుకు అంటగట్టుటయు సరికాదు. ఆకు మడిచి భూతద్దముతో పురుగుకై వెదకి, కనబడనిచో ఆ ఆకును రైతు వేదికకు తీసికొనిపోయి వ్యవసాయ విస్తరణాధికారికి చూపుడు.

బంకులో ఎంత పోవును?

ఖాళీ కుండలో నీరు పోసినప్పుడు కుండలోని గాలి బయటికి పోవును గదా! పెట్రోలు టాంకిలోను అట్లే. కాని టాంకిలో ఉన్నది వట్టి గాలి కాదు, ఆవిరితో నిండిన గాలి. లారీ వచ్చి భూమిలోని టాంకిలో పెట్రోలు దింపునప్పుడు ఒకసారి, ఆ పెట్రోలును బండ్లలో పోయునప్పుడు రెండవసారి ఈ ఆవిరి బయటపడును.

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ వేసిన లెక్క ప్రకారము, ఏ కట్టడియు లేనిచో బండిలో పోయు లీటరు ఒక్కింటికి సుమారు 1.3 గ్రాముల పెట్రోలు ఆవిరిగా పోవును. లారీనుండి దింపునప్పుడు గొట్టము టాంకి అడుగువరకు దిగియున్నచో లీటరుకు సుమారు 0.9 గ్రాము, పైనుండి ధారగా పడినచో సుమారు 1.4 గ్రాములు పోవును. చిన్న లెక్కలే అని తోచవచ్చును. కాని 12,000 లీటర్ల లారీ ఒకసారి దిగినచో, గొట్టము అడుగువరకు ఉన్నను, 10 కిలోలకు పైగా, అనగా ఇంచుమించు 14 లీటర్ల పెట్రోలు గాలిపాలగును. నెలకు 3 లక్షల లీటర్లు అమ్ము బంకులో బండ్లలో పోయునప్పుడే సుమారు 390 కిలోలు, అనగా 500 లీటర్లకు పైగా పోవును. ఉష్ణోగ్రతను బట్టి ఈ అంకెలు కొంత మారవచ్చును. నష్టము మాత్రము నిజము.

దీనిని ఆపు సాధనమే ఆవిరిని తిరిగి పట్టు ఏర్పాటు. ఇందు రెండు మెట్లు కలవు. మొదటి మెట్టులో, పెట్రోలు టాంకిలోనికి దిగుచుండగా అక్కడి ఆవిరి మరొక గొట్టము ద్వారా లారీలోనికి చేరి డిపోకు తిరిగిపోవును. రెండవ మెట్టులో, బండిలో పోయు నాజిలే బండి టాంకి నోటివద్ద ఆవిరిని పీల్చి భూమిలోని టాంకికి పంపును. రెండును సరిగా పనిచేసినచో ఆవిరి చాలవరకు చిక్కును.

నిబంధనలు ఏమి చెప్పుచున్నవి?

గాలి కాలుష్యమును అరికట్టుటకు మన దేశమున 1981లో చట్టము వచ్చినది. పెట్రోలు నిలువ, రవాణాలకు 1934 నాటి పెట్రోలియం చట్టమును, దాని క్రింద చేసిన నియమములును ఆధారము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు మార్గదర్శకములు ఇచ్చినది. వాటిలో గ్రామస్థులు గుర్తుంచుకొనదగినవి ఇవి :

1. పాఠశాలలకు, 10 పడకలు గాని అంతకు మించి గాని గల ఆసుపత్రులకు, స్థానిక చట్టముల ప్రకారము నివాసప్రాంతముగా నిర్ణయించిన చోట్లకు బంకు 50 మీటర్ల లోపల ఉండరాదు. లారీ పెట్రోలు దింపు నోరు, బండ్లకు పోయు యంత్రము, ఆవిరి గొట్టము – వీనిలో ఏది దగ్గరయో దానినుండి కొలువవలెను.

2. 50 మీటర్లు దొరకని ఇబ్బంది ఉన్నచో, పేలుడు పదార్థముల భద్రతను చూచు కేంద్ర సంస్థ చెప్పిన అదనపు జాగ్రత్తలు తీసికొనవలెను. ఏ పరిస్థితిలోను 30 మీటర్లకు తగ్గరాదు.

3. బంకు మీదుగా హైటెన్షను తీగలు పోరాదు.

ఆవిరిని పట్టు ఏర్పాటు విషయములో 2021 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు దక్షిణ ధర్మాసనము తీర్పు చెప్పినది. 10 లక్షలకు మించిన జనాభా గల నగరములలో నెలకు 300 కిలోలీటర్లకు, అనగా 3 లక్షల లీటర్లకు మించి అమ్ము బంకులు ఈ ఏర్పాటు చేసికొనవలెనని ఆదేశించినది. 2023లో సుప్రీంకోర్టు కూడ ఈ ఏర్పాటు విషయమున కేంద్ర మండలి నిర్ణయించిన గడువులను తప్పక పాటింపవలెనని చెప్పినది.

ఇందు ఒక సంగతి దాచనక్కరలేదు. కందుకూరు 10 లక్షల జనాభా గల నగరము కాదు. కనుక ఆ తీర్పు మన ఊరి చిన్న బంకును నేరుగా కట్టివేయదు. దూరపు నియమము మాత్రము పల్లెయైనను పట్టణమైనను కొత్త బంకులకు వర్తించును. నగరము మనవైపు నడచి వచ్చుచున్నది. భూమి త్రవ్వి గొట్టములు వేయునప్పుడే ఆవిరి గొట్టము కూడ వేసినచో ఖర్చు కొద్దిగానే పెరుగును. సిమెంటు చేసిన తరువాత పగులగొట్టి వేయుట ఎక్కువ ఖర్చుతో కూడిన పని. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొననేల?

భూమి కౌలుకిచ్చు రైతు చూడవలసినవి

బంకు కౌలు ఇరువది, ముప్పది యేండ్లు సాగవచ్చును. నేడు వచ్చు కౌలు డబ్బు ఎంతయో చూచినట్లే, ఆ గడువు తీరిన తరువాత చేతికి వచ్చు భూమి ఎట్లుండునో కూడ చూడవలెను. సంతకమునకు ముందు ఈ పనులు చేయుడు.

బడినుండి, ఇండ్లనుండి దూరము టేపుతో కొలిపించి పటముమీద వ్రాయించుడు. మీ బావి, బోరు నీటిని, వీలైనచో పొరుగువారి నీటిని కూడ, బంకు రాకముందే పరీక్ష చేయించి ఆ కాగితము భద్రపరచుడు. రేపు నీటిలో పెట్రోలు వాసన వచ్చినప్పుడు, ఇది మునుపు లేదని చెప్పుటకు అదియే సాక్ష్యము. ఆవిరిని పట్టు గొట్టములు మొదటనే వేయవలెనని, టాంకి కారినచో నేలను, నీటిని బాగుచేయు ఖర్చు కౌలుదారుదేనని, గడువు తీరినప్పుడు టాంకులను తీసివేసి నేల శుభ్రపరచి అప్పగింపవలెనని ఒప్పందములో వ్రాయించుడు. నోటిమాటకు సాక్ష్యము ఉండదు.

గ్రామాధికారులకు ఒక మనవి. బంకుకు నిరభ్యంతర పత్రము జిల్లా అధికారులు ఇత్తురు. కాని ఆ పత్రమునకు ఆధారము క్రిందినుండి పోవు నివేదికయే. స్థలమునకు పోయి, అంగన్‌వాడి, బడి, ఆసుపత్రి, ఇండ్లు, బావులు, తీగలు – అన్నిటిని చూచి కొలతలతో వ్రాయుడు. కుర్చీలో కూర్చుండి వ్రాసిన ఒక పంక్తి ముప్పది యేండ్లు ఊరిమీద నిలుచును.

మన ఇంట, మన పొలమున

ఇక మన వంతు. తైవాన్ స్ప్రేయరు, గడ్డి కోయు యంత్రము, పవర్ వీడరు వచ్చిన తరువాత పెట్రోలు డబ్బా లేని వ్యవసాయదారుని ఇల్లు అరుదయినది. పెట్రోలియం చట్టము ప్రకారము, అమ్మకమునకు కాక సొంతమునకై 30 లీటర్లవరకు పెట్రోలును లైసెన్సు లేకుండ ఉంచుకొనవచ్చును. అది గట్టిగా మూత బిగించిన పాత్రలో ఉండవలెను. గాజు లేక జాడి పాత్రయైనచో 1 లీటరు, లోహపు డబ్బాయైనచో 25 లీటర్లు మించరాదు. ప్లాస్టిక్ నీళ్ల సీసా ఈ వరుసలో లేదని గమనింపుడు. సొంత వాహనమును, ఇంజనును నడుపుకొనుటకు కొంత ఎక్కువ నిలువకు వెసులుబాటు కలదు గాని, 30 లీటర్లు మించినచో మనుష్యులు ఉండు గదులతో సంబంధము లేని విడి కట్టడములో ఉంచవలెను. డీజిలు విషయములో మొత్తము 2,500 లీటర్లవరకు, ఒక్కొక్క పీపా 1,000 లీటర్లు మించకుండ, లైసెన్సు అక్కరలేదు.

కిరాణా దుకాణములో సీసాలలో పెట్రోలు అమ్ముట ఈ వెసులుబాటులోనికి రాదు. సొంతమునకు ఇచ్చిన మినహాయింపు అమ్మకమునకు చెల్లదు. నూనెలు, అగ్గిపెట్టెలు ఉన్న అరలోనే పెట్రోలు సీసాలు పేర్చుట ఊరికి కొరివి పెట్టుటయే. నీళ్ల సీసా అనుకొని పిల్లలు త్రాగు ప్రమాదము వేరు.

ఈ క్రింది పద్ధతులకు ఖర్చు లేదు, లాభము కలదు.

గరాటుకు పొడుగు గొట్టము తగిలించి డబ్బా అడుగువరకు దింపి పోయుడు. పైన చెప్పిన లెక్కలో ధారగా పోసినదానికంటె అడుగునుండి నింపినచో ఆవిరి మూడవ వంతుకు పైగా తగ్గినది. ఆ సూత్రమే మీ డబ్బాకును వర్తించును.

డబ్బా నోటివరకు నింపకుడు. పెట్రోలు వేడికి ఉబ్బును. 20 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగును. ఆ చోటు లేనిచో మూత దాటి కారును.

డబ్బాను నీడలో, నేలమీద, వంటింటికి, ఎరువుల గదికి, పశువుల కొట్టమునకు దూరముగా ఉంచుడు. వారమునకు సరిపడునంతయే తెచ్చుకొనుడు.

బంకులో డబ్బా నింపించునప్పుడు ట్రాలీలోనో బండిమీదనో ఉంచక నేలమీద పెట్టించుడు. లేనిచో రాపిడి విద్యుత్తువలన నిప్పురవ్వ పుట్టవచ్చును.

బండిలో పోయునప్పుడు నాజిలు తానే ఆగిన తరువాత, ఇంకొక పది రూపాయలకని మరల నొక్కించకుడు. నేటి వాహనములలో ఆవిరిని పట్టి ఇంజనుకు పంపుటకు బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉండును. పొంగిన పెట్రోలు దానిలోనికి పోయి పాడుచేయును. టాంకి మూత పోయినచో గుడ్డ కుక్కక కొత్త మూత వేయించుడు.

ఇంజను వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పోయరాదు. బావిలోనికి ఇంజను దింపి నడుపరాదు. పెట్రోలు ఆవిరియే కాక, ప్రాణములు తీయు పొగయు అందు నిలుచును.

గొట్టము నోటితో పీల్చి పెట్రోలు తీయు అలవాటును ఈ దినమే మానుడు. ఒక చుక్క ఊపిరితిత్తులలోనికి పోయినను ప్రాణాపాయము. ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపకుడు. వాంతిలో అది ఊపిరితిత్తులలోనికి దిగును. ఉన్నవారిని ఉన్నట్లే ఆసుపత్రికి చేర్చుడు.

వీలున్నచోట బ్యాటరీ స్ప్రేయరు వాడుడు. ఆవిరియు లేదు, డబ్బాయు లేదు.

వాసన వచ్చినచో

బంకు దగ్గరలోని బావి నీటిపై రంగురంగుల తెట్టె కనబడినను, బోరు నీటిలో పెట్రోలు వాసన వచ్చినను, మురుగు కాలువలో వాసన గట్టిగా వచ్చినను ఆ నీరు త్రాగక, పశువులకు పెట్టక, ఆ చోట బీడి గాని స్టార్టరు గాని వెలిగింపక, వెంటనే బంకు యజమానికిని, తహసీలుదారుకును, కాలుష్య నియంత్రణ మండలికిని వ్రాతపూర్వకముగా తెలుపుడు. తేదీ వేసిన అర్జీ నకలు దగ్గర ఉంచుకొనుడు. వాసన మరీ గట్టిగా ఉన్నచో ముందు అగ్నిమాపక దళమును 101 నంబరుకు పిలువుడు.

సోదరులారా! గట్టు తెగినచో పొరుగువాని నీరైనను పరుగెత్తిపోయి కట్టుట మన పల్లెల మర్యాద. గాలికి గట్టు లేదు. నగరమునుండి వచ్చు గాలియు, మన డబ్బానుండి పోవు ఆవిరియు ఒకే ఆకాశము క్రింద కలియుచున్నవి. పెద్ద బంకువాడు తన గొట్టములు వేయవలెనని అడుగుటకు హక్కు కలదు. ఆ హక్కుతో మాట్లాడవలెనన్న, ఈ సాయంకాలము మన కొట్టములోని డబ్బా మూత బిగియున్నదో లేదో ఒకసారి చూచుకొందము.